బిగ్‌ఫుట్ కోసం ఒంటరిగా అడవికి.. షుగర్ ఉంటే వెళ్లొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 41. అమెరికాలో సియాటెల్ దగ్గర బాథెల్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఇండియా నుంచి తెప్పించుకుని పొద్దున, రాత్రి వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.7 ఉంది. ఇక్కడి అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే, ఒళ్లంతా వెంట్రుకలున్న మనిషిలాంటి జీవి బిగ్‌ఫుట్ అంటే నాకు పిచ్చి. అక్టోబర్ ఆఖర్లో గిఫర్డ్ పిన్‌షో నేషనల్ ఫారెస్ట్‌లో మూడు రాత్రులు ఒక్కడినే టెంట్ వేసుకుని ఉందామనుకుంటున్నాను. వాసనకు అది దగ్గరికి రాదంటారు కాబట్టి మంట వేయను, వంట చేయను. రోజుకు ఒక్క పూట ఏదో చల్లటి తిండి తిని, రాత్రంతా మేలుకుని చూడాలని ప్లాన్.

పోయిన వేసవిలో అక్కడే ఒక రాత్రి పడుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి టెంట్ జాలీ అవతల మనిషికన్నా ఎత్తుగా, నల్లగా ఏదో నిలబడి ఉంది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు, చెయ్యి కదల్లేదు. కాసేపటికి అది మాయమైంది. నాకు మాత్రం ఒళ్లంతా చెమట, గుండె దడ, చేతుల వణుకు అరగంటైనా తగ్గలేదు. నేను చూసింది నిజమేనా? మా ఆవిడ వద్దంటే వద్దంటోంది. ఏ మందులు తీసుకెళ్లాలి? నిద్ర రాకుండా కెఫీన్ మాత్రలు వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, వాషింగ్టన్ రాష్ట్రం

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ నెలలో, ఆ మాత్ర వేసుకుంటూ, ఒక పూట తిండితో, ఒంటరిగా అయితే వెళ్లొద్దు. ఈ నాలుగూ కలిస్తేనే నాకు భయం. అడవికే వెళ్లొద్దని నేను అనను. షుగర్ ఉన్నవాళ్లు నడవాలి, కొండలెక్కాలి, టెంట్‌లో పడుకోవాలన్న సరదా ఉంటే పడుకోవాలి కూడా. ఎలా వెళ్లొచ్చో తర్వాత చెప్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రాబోయే ట్రిప్పు కాదు, పోయిన వేసవి రాత్రి.

మెలకువ వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ గొంతు పెగల్లేదు, చెయ్యి లేవలేదు, ఎదురుగా ఓ నల్లటి ఆకారం. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటాం. కలలొచ్చే నిద్రలో మనం కాళ్లూ చేతులూ ఆడించకుండా మెదడు కండరాలను వదులు చేసి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, కండరాలకు పట్టు తర్వాత వస్తుంది. ఆ మధ్యలో కల ముక్క ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి గదిలో ఎవరో ఉన్నట్టు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తుంది. మన ఊళ్లలో దయ్యం వచ్చి గుండెల మీద కూర్చుందని పెద్దవాళ్లు చెప్పేది చాలావరకు ఇదే. నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. నిద్ర చాలనప్పుడు, కొత్త చోట పడుకున్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. తర్వాత అంతా మామూలే. హైదరాబాద్‌లో పడుకున్నవాడికి అందులో దయ్యం కనిపిస్తుంది. వారాల తరబడి బిగ్‌ఫుట్ గురించే చదువుతూ ఆ అడవిలో పడుకున్న మీకు అదే కనిపించడంలో వింత లేదు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. స్లీప్ పెరాలిసిస్ వదిలాక భయంతో గుండె కొట్టుకున్నా, కాసేపట్లో సర్దుకుంటుంది. మీకు చెమట, దడ, వణుకు అరగంట దాటినా తగ్గలేదన్నారు. గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషి తెల్లవారుజామున ఇలా చెబితే ఏ డాక్టరైనా ముందు అడిగే మాట ఒకటే: షుగర్ చూసుకున్నారా? చూసుకున్నట్టు మీరు రాయలేదు. ఆ రోజు ఎంత దూరం నడిచారో, రాత్రి ఏం తిన్నారో కూడా రాయలేదు. నా అనుమానం, ఆ రాత్రి మీకు షుగర్ 70 కన్నా కిందికి పడిపోయి ఉంటుంది. తెల్లవారాక తలనొప్పిగా, బడలికగా, విపరీతమైన ఆకలిగా ఉండిందేమో గుర్తు చేసుకోండి. ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

జాలీ అవతల నిజంగానే ఏదో ఉండి ఉండొచ్చు కూడా. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లున్నాయి. వాసన పట్టడానికి రెండు కాళ్ల మీద లేచి నిలబడతాయి. నల్ల ఎలుగుబంట్లు ఎక్కువున్న చోటే బిగ్‌ఫుట్‌ను చూశామనే వాళ్లూ ఎక్కువున్నారని 2024లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. బిగ్‌ఫుట్ ఉందా అంటే నేను నమ్మను. 1958లో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్లకు కనపడిన అడుగుజాడలతోనే ఆ పేరు పత్రికలకెక్కింది. ఆ పని చేయించిన కాంట్రాక్టర్ రే వాలెస్ 2002లో చనిపోయాక, ఆ జాడలు వేసింది వీటితోనే అంటూ ఇంట్లోవాళ్లు చెక్కతో చేసిన పాదాలు బయటపెట్టారు. బిగ్‌ఫుట్‌వేమోనని 1970ల్లో ఎఫ్‌బీఐ దాకా వెళ్లిన వెంట్రుకలు జింకవని తేలింది. ఇవన్నీ నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ నమ్మకం మాన్పించడం నా పని కాదు, మీ షుగర్ చూడటం నా పని.

ఇక అసలు విషయానికొస్తాను. భయపడినా, షుగర్ పడిపోయినా, చలి ఎక్కినా శరీరం చూపించే గుర్తులు చాలావరకు ఒకేలా ఉంటాయి. భయమేస్తే గుండె దడ, ముచ్చెమటలు, వణుకు. షుగర్ పడిపోతే అవే. చలి ఎక్కితే వణుకు, మాట ముద్దగా రావడం, తికమక. షుగర్ మరీ పడిపోయినా మాట ముద్దగానే వస్తుంది, తికమకే ఉంటుంది. ఇంట్లో ఉంటే మీ ఆవిడ మీ మొహం చూసి, ‘ఏంటలా ఉన్నారు, షుగర్ చూసుకోండి’ అంటుంది. అడవిలో ఆ మాట అనేవాళ్లుండరు. పైగా మీరు వెళ్లిందే భయపెట్టే దాని కోసం. చీకట్లో కొమ్మ విరిగిన చప్పుడైంది, ఆ వెంటే చేతులు వణికాయి అనుకోండి. షుగర్ పడిందన్న ఆలోచన మీకు రాదు, అది వచ్చేసిందనే అనుకుంటారు. లేచి ఆ చప్పుడు వైపు నడుస్తారు కూడా.

మీ మాత్రలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే ఇంత చెప్పేవాణ్ని కాదు. దానితో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది దానికి పట్టదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఒక పూట మాత్రమే తిని రెండు పూటలా ఆ మాత్ర వేసుకోవడమంటే షుగర్‌ను చేతులారా పడేసుకోవడమే. దానికి కొండదారిలో బరువు మోస్తూ నడక తోడైంది. నడిచినప్పుడు కండరాలు వాడుకున్న చక్కెరను తర్వాత రక్తంలోంచి మళ్లీ నింపుకుంటాయి. అందుకే నడక పగలైతే షుగర్ పడేది రాత్రి. ఒక్కోసారి మర్నాటి దాకా ఆ ప్రభావం ఉంటుంది. అలాగని మాత్రను మీ అంతట మీరు మానేయకండి, సగం చేసుకోకండి. ఇండియా నుంచి తెప్పించుకుంటున్నారంటే అమెరికాలో మీరు చూపించుకునే డాక్టర్ దగ్గర మీ ఫైల్‌లో ఈ మాత్ర పేరు ఉందో లేదో కూడా నాకు అనుమానమే. వెళ్లే ముందు ఆయనకు చూపించండి. ట్రిప్పు రోజులకు గ్లిమెపిరైడ్ ఆపాలా, తగ్గించాలా, షుగర్‌ను పడేయని వేరే మందుకు మార్చాలా ఆయన చెబుతారు. వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాల్సి రావొచ్చు. అది కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి. బీపీ సంగతి మీరు రాయలేదు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలేవైనా వాడుతుంటే అవి దడను, వణుకును కప్పేస్తాయి. అప్పుడు చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది.

చలి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. 2024 క్రిస్మస్ ముందు రోజు పోర్ట్‌లాండ్ నుంచి ఇద్దరు ఇదే బిగ్‌ఫుట్‌ను వెతుకుతూ ఇదే గిఫర్డ్ పిన్‌షో అడవికి వెళ్లారు. ఒకరికి 59, ఇంకొకరికి 37 ఏళ్లు. తిరిగి రాకపోవడంతో ఇంట్లోవాళ్లు ఫోన్ చేశారు. అరవై మందికి పైగా వలంటీర్లు వానలో, మంచులో మూడు రోజులు వెతికితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి. చలికి, వానకు తట్టుకోలేక చనిపోయినట్టుందని, తగిన ఏర్పాట్లు లేకుండా వెళ్లారని స్కమేనియా కౌంటీ షెరీఫ్ కార్యాలయం చెప్పింది. వాళ్లు ఇద్దరున్నారు. మీరు ఒక్కరే వెళ్తానంటున్నారు.

హైపోథర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, రావడానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. ఐదారు డిగ్రీల్లో బట్టలు తడిసి, గాలి తగిలితే చాలు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే మొదలైనట్టే. ముందు గట్టిగా వణుకు, తర్వాత జిప్ పెట్టుకోలేనంతగా వేళ్లు మొద్దుబారడం, నడకలో తూలడం, మాట తడబడటం, ఎవరి మీదో చిరాకు. ఇంకా ముదిరితే వణుకు ఆగిపోతుంది. చలి తగ్గిందని మీరు సంతోషిస్తారు, ప్రమాదం మొదలయ్యేదే అక్కడ. ఆఖరి దశలో ఒళ్లు మండిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేసేవాళ్లు కూడా ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది: రక్తంలో చక్కెర బాగా పడిపోతే శరీరం వణకడం కూడా మానేస్తుంది. వణుకే కదా వేడి పుట్టించేది. తిండి లేదు, మంట లేదు, వేడి టీ లేదు. మీ ప్లాన్‌లో లేకపోవాల్సినవన్నీ ఉన్నాయి, ఉండాల్సినవేవీ లేవు. చలి కాచుకోవడానికి రెండు పెగ్గులు వేసుకుందామనే ఆలోచన ఉంటే అది కూడా మానండి. మందు చర్మానికి రక్తం తోసి ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది, లివర్ చక్కెర తయారు చేయకుండా అడ్డుపడుతుంది.

వెళ్తే ఎలా వెళ్లాలి? జూలై, ఆగస్టుల్లో వెళ్లండి. ఒక స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి. ఆయనకు బిగ్‌ఫుట్ మీద నమ్మకం లేకపోతే మరీ మంచిది, మీ వణుకును వణుకుగానే చూస్తాడు. మనుషులుండే క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసి, పగలు ఎంత లోపలికి వెళ్లాలన్నా వెళ్లి రండి. మూడు పూటలా తినండి, పడుకునే ముందు పల్లీలో రొట్టెముక్కో నోట్లో వేసుకోండి. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఉన్నివి కానీ సింథటిక్‌వి కానీ తీసుకెళ్లండి. పొడి సాక్సులు మూడు నాలుగు జతలు ఉండాలి. రోజూ రాత్రి సాక్సులు విప్పి టార్చి వేసుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. షుగర్ ఉన్న కాలికి బొబ్బ లేచినా ఒక్కోసారి నొప్పి తెలియదు.

గ్లూకోమీటర్, స్ట్రిప్పులు స్లీపింగ్ బ్యాగ్ లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. మరీ చల్లబడితే మీటర్ పనిచేయదు, ఫోన్ బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. చేతికి అతికించే షుగర్ సెన్సర్లలో షుగర్ పడగానే అలారం కొట్టేవి ఉన్నాయి. ఫోన్‌కు సిగ్నల్ లేకున్నా అలారం మోగుతుంది, కానీ ఇంట్లోవాళ్లకు కబురు అందాలంటే మాత్రం నెట్ ఉండాల్సిందే. చెమట పట్టినా, దడ వచ్చినా, ఏదో కనపడినా ముందు వేలు గుచ్చి చూసుకోండి. 70 లోపుంటే మూడు నాలుగు చెంచాల చక్కెర లేదా నాలుగు గ్లూకోజ్ మాత్రలు తీసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూడండి. మీటర్ పనిచేయకపోతే చక్కెర ముందు తినేయండి, అనుమానం తర్వాత తీర్చుకోవచ్చు.

ఎలుగుబంట్ల వల్ల టెంట్‌లో తినేవి, టూత్‌పేస్ట్‌తో సహా వాసనొచ్చేవి ఏవీ ఉంచొద్దంటారు, నిజమే. మిగతా తిండంతా ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి దూరంగా ఉంచండి. గ్లూకోజ్ మాత్రలు మాత్రం సీల్ తీయని ప్యాక్‌ను వాసన రాని కవర్లో పెట్టి చేతికి అందేలా ఉంచుకోండి. వాన పడుతోందని టెంట్‌లో స్టవ్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, వికారం, మత్తుతోనే మనిషిని తీసుకుపోతుంది. వాగు నీళ్లు మరిగించే తాగండి. అక్టోబర్‌లో అక్కడ జింకల వేట సాగుతుంటుంది, తుపాకులు పట్టుకున్నవాళ్లు తిరుగుతుంటారు. 1969లో బిగ్‌ఫుట్‌ను చంపడం నేరమంటూ స్కమేనియా కౌంటీ చట్టం చేసినప్పుడు, దాన్ని వెతుకుతూ ఆయుధాలతో వచ్చేవాళ్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. నల్ల జాకెట్ వేసుకుని తెల్లవారుజామున పొదల్లో కూర్చునే ఆలోచనుంటే మానుకోండి. నారింజ రంగు చొక్కా వేసుకోండి.

కెఫీన్ మాత్రలు వద్దు. గుండె దడ, చేతుల వణుకు వాటితో కూడా వస్తాయి. షుగర్ గుర్తులు పట్టుకోవడమే కష్టంగా ఉన్నచోట ఇంకొకటి కలుపుకోవడం దేనికి? పైగా నిద్ర మానితే స్లీప్ పెరాలిసిస్ ఇంకా ఎక్కువగా వస్తుంది. రెండో రాత్రికి లేని చప్పుళ్లు వినపడతాయి, లేని ఆకారాలు కనపడతాయి. రాత్రి చప్పుళ్లు పట్టుకోవాలంటే ఒక రికార్డర్ చెట్టుకు కట్టి, మీరు పడుకోండి. గురక పెట్టే అలవాటుంటే, పగలు కునుకుపాట్లు వస్తుంటే నిద్ర పరీక్ష కూడా చేయించుకోండి.

ఇంకో పని ఇవాళే మొదలుపెట్టండి. వచ్చే రెండు వారాలు రోజు మార్చి రోజు తెల్లవారుజామున 3 గంటలకు అలారం పెట్టుకుని షుగర్ చూసి రాసుకోండి. సగటు 6.7 బాగుందని మురిసిపోవద్దు, రాత్రుళ్లు పడిపోతున్నా సగటు బాగానే కనిపిస్తుంది. ఇంట్లో మంచం మీదే 70 లోపు వస్తుంటే అడవి మాట తర్వాత, మాత్ర మార్చడం ముందు. ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి.

వెళ్లేటప్పుడు మీ ఆవిడకు ఇంకో కాగితం రాసివ్వండి. కారు ఎక్కడ ఆపుతారు, ఏ దారిలో నడుస్తారు, ఏ క్యాంప్‌గ్రౌండ్, కారు నంబరు, వేసుకునే మందులు, ఏ రోజు ఎన్ని గంటలకల్లా మీ ఫోన్ రాకపోతే ఆవిడ 911కు చేయాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు కానీ దానికి నెత్తిన ఆకాశం కనపడాలి. ఆ అడవిలో చెట్లు దట్టం, కాబట్టి మెసేజ్ ఎలా పంపాలో ఇంటి దగ్గరే డెమోలో ఒకసారి చేసి చూసుకోండి. ఆ కాగితంలో రాసిన టైమును మాత్రం అక్కడికి వెళ్లాక మార్చకండి.