ప్రిస్కిల్ల అని పేరు పెట్టాక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. గుంటూరు పక్క పల్లెలో ఒక క్రైస్తవ కుటుంబం, ఆ ఇంటి నాయనమ్మ ప్రిస్కిల్ల. పేరు బాగా ఎంచుకున్నావు. కానీ రెండో పేజీలోనే మనవరాలి చేత "ప్రిస్కిల్ల అంటే పూజ్యురాలు" అనిపించి, అక్కణ్ణుంచి ఆమెను పూజ్యురాలిగానే నడిపించావు. కథ బిగుసుకుపోయింది అక్కడే. పేర్ల జాబితాలో దొరికిన ఒక్క మాట మీద మనిషిని నిలబెట్టలేం. ఆ పేరు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకో, కావలసినంత సరుకు దొరుకుతుంది.

మూలం లాటిన్ మాట ప్రిస్కుస్. పాతకాలపు, పూర్వపు అని అర్థం. రోమ్ ఐదో రాజును తార్క్వినియుస్ ప్రిస్కుస్ అన్నారు. ఆఖరి రాజుదీ తార్క్వినియుస్ పేరే కాబట్టి, మన ఊళ్లలో పెద్ద వెంకయ్య, చిన్న వెంకయ్య అన్నట్టు గుర్తు కోసం. ఆ మాటకు ఆడరూపం ప్రిస్క. దానికి 'ఇల్ల' చేరిస్తే ముద్దుపేరు: ద్రూసిల్ల, దొమితిల్ల కూడా అలా వచ్చినవే. పాతదనాన్ని మెచ్చుకునే ఛాయ ప్రిస్కుస్‌లో ఉన్న మాట నిజమే, 'పూజ్యురాలు' అక్కణ్ణుంచి సాగదీసిందే. కానీ రోమ్‌లో ఆడపిల్లకు ఈ పేరు రావడానికి సాధారణంగా కారణం గుణం కాదు, కుటుంబం పేరు. ఇది మొదట క్రైస్తవుల పేరూ కాదు. దొమితియన్ చక్రవర్తి దగ్గర లేఖల వ్యవహారం చూసిన అబాస్కాంతుస్ భార్య ప్రిస్కిల్ల. ఆమె చనిపోతే స్తాతియుస్ కవి ఓదార్పు పద్యం రాశాడు.

నీ నాయనమ్మకు పేరు వచ్చింది మాత్రం బైబిల్ నుంచి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం నెమ్మదిగా చదువు. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమ్ విడిచి పొమ్మన్నప్పుడు (సుమారు క్రీ.శ. 49 అంటారు) అకుల, ప్రిస్కిల్ల దంపతులు కొరింథు చేరారు. డేరాలు కుట్టి బతికారు. క్రీస్తు బోధ ప్రచారం చేస్తూ తిరిగిన పౌలుదీ అదే వృత్తి కాబట్టి వాళ్లింట్లోనే ఉండి పనిచేశాడు. తర్వాత ఎఫెసులో అపొల్లో అనే గొప్ప వక్త బోధలో లోటు కనిపిస్తే, నలుగురిలో తప్పుపట్టకుండా అతన్ని తమ దగ్గరకు చేర్చుకుని ఆ దంపతులిద్దరూ విడమరిచి చెప్పారు. ఆ కాలపు రచనలో భార్య పేరు భర్త పేరుకంటే ముందు రావడం అరుదు. ఈ జంట విషయంలో చాలాచోట్ల ఆమె పేరే ముందుంది. ఇదీ నీకు పనికొచ్చే సంగతి. డేరాల మాట పట్టుకుని నాయనమ్మ ముందు కుట్టుమిషన్ మాత్రం పెట్టకు, ఆ పోలిక పాఠకుడు చూడగానే పసిగడతాడు. చదువుకున్నవాణ్ణి కూర్చోబెట్టి నొప్పించకుండా దిద్దే స్వభావం ఆమెకు ఇవ్వు.

ఇంగ్లీషు నేలమీద ఈ పేరును పెంచింది ప్యూరిటన్లు, అంటే నిష్ఠగల ప్రొటెస్టంట్ క్రైస్తవులు. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్లిన ప్రిసిల్లా మల్లిన్స్ మొదటి చలికాలంలోనే తల్లిదండ్రుల్ని, సోదరుణ్ణి పోగొట్టుకుంది. జాన్ ఆల్డెన్‌ను పెళ్లాడింది. 1858లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో వాళ్లమీద కావ్యం రాశాక ఆ పేరు మళ్లీ వెలిగింది. 1943లో లివర్‌పూల్‌లో పుట్టిన గాయని సిల్లా బ్లాక్ అసలు పేరు ప్రిసిల్లా. ఇవాళ ఇంగ్లీషువాళ్లకు ఇది పెద్దవాళ్ల పేరులా వినిపిస్తుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో అలా కాదు, బైబిల్ పేరు కాబట్టి చిన్నపిల్లకు పెట్టినా ఎబ్బెట్టు ఉండదు. కాబట్టి "ఈ కాలంలో ఇదేం పేరు" అని నువ్వు రాసిన పక్కింటావిడ మాట కొట్టెయ్.

ఇక అక్షరాలు. నీ ప్రతిలో ప్రిస్కిల్ల, ప్రిసిల్లా, ప్రిస్సిల్ల మూడూ ఉన్నాయి. లాటిన్‌లోనూ గ్రీకులోనూ ఆ చోట 'క' పలుకుతుంది, తెలుగు బైబిల్ దాన్ని నిలబెట్టింది. 'ప్రిసిల్లా' ఇంగ్లీషు పలుకుబడి. నాయనమ్మకు తెలుగు బైబిల్ రూపమే ఉంచు. మనవరాలు ఇంగ్లీషు మీడియం పిల్ల కాబట్టి సంభాషణలో ఆమె నోట మాత్రం 'ప్రిసిల్లా' రానియ్యి. ఆ తేడాతోనే తరం తెలిసిపోతుంది, వివరణ అక్కర్లేదు. కథకుడి వాక్యాల్లో మాత్రం ఒకే రూపం వాడు: ప్రిస్కిల్లకు, ప్రిస్కిల్లతో. పిలిచేటప్పుడు చివర సాగుతుంది, "ప్రిస్కిల్లా!" అని. ఊళ్లోవాళ్లు ఆ వయసు మనిషిని ఉత్తపేరుతో పిలవరు, ప్రిస్కిల్లమ్మ అంటారు. నీ కథలో పాలవాడు కూడా ప్రిస్కిల్ల అంటున్నాడు, అది దిద్దు.

రెండో పేజీలో అర్థం చెప్పే ఆ నాలుగు వాక్యాలూ తీసెయ్. కొత్త పాస్టరు గారు ప్రసంగంలో వచనం తప్పుగా చెప్పిన ఘట్టాన్ని అక్కడికి జరుపు. ఆరాధన అయ్యాక నాయనమ్మ ఆయన్ని భోజనానికి పిలవాలి. వాళ్ల మాటలు పూర్తిగా రాసి ప్రతి మళ్లీ పంపు.