మ్యూజియంలో బాగ్ బాడీలను చూస్తే భయమేస్తుందా?

ఐర్లండ్ బురదనేలల్లో (వాటినే బాగ్ అంటారు) దొరికిన రెండువేల ఏళ్ల నాటి శవాలను దగ్గర నుంచి చూస్తే భయం వేయదా అని అడిగారు. నాకు భయం వేయలేదండీ, ఏడుపొచ్చింది.

డబ్లిన్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో, వానగా ఉందని కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంలోకి వెళ్లాను. టికెట్ అక్కర్లేదు. లోపల ఒక్కో మనిషినీ గుండ్రటి గోడ మధ్య విడిగా ఉంచారు. ఆ గోడ వెంట తిరిగి వెళ్తేగానీ కనిపించరు.

వాళ్లలో ఒకరు ఓల్డ్ క్రోగన్ మ్యాన్ అని పేరు పెట్టిన మనిషి. అతను 2003లో ఆఫలీ కౌంటీలో కాలువ తవ్వుతుంటే బయటపడ్డాడు. తల లేదు, నడుము కింద ఏమీ లేదు. ఉన్నది మొండెం, చేతులు. ఆ చేతి దగ్గరే ఆగిపోయాను. చర్మం పాత తోలు చెప్పు రంగులో ఉంది. వేళ్ల కణుపుల మీద ముడతలు అలాగే ఉన్నాయి. గోళ్లు మాత్రం ఎంత శుభ్రంగా ఉన్నాయో! మోటు పని చేసిన చెయ్యి కాదది. అతను క్రీస్తుపూర్వం 362కీ 175కీ మధ్య చనిపోయాడని తేల్చారు, అంటే మన అశోకుడి కాలానికి కాస్త అటూ ఇటూ.

అక్కడి నేలలో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. నీరు నిలిచి, చల్లగా, పుల్లగా, గాలి చొరకుండా ఉంటుంది కాబట్టి శవాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఆటలు సాగవు. ఆ నాచు చర్మాన్ని తోలు పదును చేసినట్టు చేసేస్తుంది.

అతన్ని పొడిచారు, తల నరికారు, జబ్బలకు కంతలు చేసి హేజెల్ అనే చెట్టు బరికెలు దూర్చారు. రాజరికానికి సంబంధించిన బలి అని ఆ మ్యూజియంలోనే పనిచేసిన ఏమన్ కెల్లీ వాదన. నమ్మదగ్గదే అనిపించింది. కానీ నన్ను కదిలించింది అది కాదు. అతని కడుపులో ఆఖరి భోజనం ఆనవాళ్లు దొరికాయి: ధాన్యం, మజ్జిగ.

మా నాన్న పోయినప్పుడు నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. రాత్రి రెండు ముద్దలు మజ్జిగన్నం తిని పడుకున్నారని అమ్మ చెప్పింది. ఆ వివరం చదివాక అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

మళ్లీ మూడుసార్లు వెళ్లాను. ఫోటో మాత్రం ఎప్పుడూ తీయలేదు. మీరు వెళ్తే తొందర లేని రోజు చూసుకోండి, జనం కదిలేదాకా ఆగి, ఆ చెయ్యిని నిదానంగా చూడండి.