గోడ మీద మనుషులు: పాఠకుల ప్రశ్నలు

(ఇంట్లో పెట్టుకునే చిత్రాల గురించి మీరు పంపిన ప్రశ్నలకు, విజయవాడ గవర్నర్‌పేటలో పటాలు కట్టే షాపు నడిపే మా శీర్షిక నిర్వాహకుడి జవాబులు)

పటమటలో కొత్త ఫ్లాట్ కొన్నాం. హాల్లో మనుషులున్న ఆయిల్ పెయింటింగ్ పెట్టాలని నాకుంది. చెట్లూ కొండలూ చాలంటారు మా వారు. 40,000 పక్కన పెట్టాం. ఆన్‌లైన్‌లో 3,000కే చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్ ఇస్తామంటున్నారు. నమ్మొచ్చా? – ఒక గృహిణి, పటమట

మీ వారిని ఒప్పించే పని మీదేనమ్మా. నేను మాత్రం మనుషుల పక్షం. కొండల బొమ్మ కొన్నాళ్లకి గోడలో కలిసిపోతుంది. మనిషి బొమ్మ అలా కలవదు. మీరు అన్నం తింటుంటే చూస్తూనే ఉంటుంది.

ఇక ఆ 3,000 సంగతి. ఆ ధరకి వచ్చేవి ఎక్కువగా కాన్వాస్ మీద మిషన్ ప్రింట్లే. పైన రంగులేని జెల్ పూసి కుంచె గీతలు తెప్పిస్తారు. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. అసలు చిత్రంలో గీతలు బొమ్మ వెంట నడుస్తాయి: చెంప దగ్గర చెంప చుట్టూ, చీర కుచ్చిళ్ల దగ్గర కిందికి. జెల్ గీతలకి బొమ్మతో పని లేదు, ముక్కు మీదా గోడ మీదా ఒకేలా పోతాయి. భూతద్దం పెడితే ప్రింటు చుక్కలు కూడా కనపడతాయి. తర్వాత వెనక్కి తిప్పండి. నేను ఏ బొమ్మనైనా ముందు వెనకే చూస్తాను. కాన్వాస్ బిగించిన చెక్క చట్రం మూలల్లో చిన్న మేకుల్లాంటి చెక్కముక్కలు ఉంటే గుడ్డ వదులైనప్పుడు వాటిని కొట్టి బిగించుకోవచ్చు. అవి లేనంత మాత్రాన నకిలీ అని కాదు. ఉంటే మాత్రం వేసినవాడు పదేళ్ల తర్వాతి సంగతి కూడా ఆలోచించాడన్నమాట.

చేత్తో వేసిందే అయినా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. ముఖం చూసి మోసపోకండి, ముఖం అందరూ బాగానే వేస్తారు. చేతులు చూడండి. చేతులు రానివాళ్లు వాటిని కొంగులోనో బుట్ట వెనకో దాచేస్తారు. కూర్చున్న మనిషైతే బరువు నిజంగా పీట మీద పడిందా, గాల్లో తేలుతోందా చూడండి. ఒంటి మీద నీడ దగ్గర నలుపు కలిపి మురికి చేశారా, లేక అక్కడా ఒక రంగు ఉందా? నల్లని ఒంటిలో ఊదా, ఆకుపచ్చ కనపడితే ఆ చిత్రకారుడు మనిషిని ఎదురుగా పెట్టుకుని చూశాడని నా లెక్క. ఫొటో చూసి దించిన ముఖాల్లో ఫ్లాష్ వెలుగు కూడా దిగిపోతుంది, ముక్కు చదునైపోతుంది. పెద్ద బొట్టూ రంగుల చీరా వేసి తోట వైకుంఠం గారి పద్ధతి అని అమ్మేవి మన ఊళ్లోనూ బోలెడు. ఆయన పేరు చెప్పి ఎక్కువ అడిగితే లేచి వచ్చేయండి.

40,000 తక్కువేం కాదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం నుంచి, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ నుంచి చదువు ముగించి వచ్చే పిల్లల దగ్గర అడగండి. మూడు చిన్నవాటి కంటే ఒక మంచిది కొనండి. కొనేముందు ఒక ఆదివారం రాజమండ్రి వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రండి. ఆయన 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారు. అక్కడి బొమ్మల్లో మనిషి నిలబడే తీరు చూశాక మీ కంటికి కొలత దొరుకుతుంది. బిల్లు మీద చిత్రకారుడి పేరు, సైజు, ఏడాది, 'ఆయిల్ ఆన్ కాన్వాస్' అన్న మాట తప్పకుండా రాయించుకోండి.

మా తాతగారి నాటి లక్ష్మీదేవి పటం ఉంది. చీరకి జరీ, చమ్కీలు అంటించి ఉన్నాయి. కింద రవివర్మ పేరు అచ్చులో ఉంది. ఒరిజినల్ ఆయిల్ పెయింటింగ్ అనీ, డాలస్ తీసుకెళ్తాననీ మా అబ్బాయి అంటున్నాడు. – ఒక రిటైర్డ్ ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

అచ్చులో పేరుంది అన్నారు కదా, జవాబు అందులోనే ఉందండీ. అది ఓలియోగ్రాఫ్, అంటే నూనె రంగుల చిత్రంలా కనపడే అచ్చుపటం. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ పెట్టి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున అచ్చేసి, పైన వార్నిష్ కొట్టి అమ్మారు. అందుకే నూనె రంగుల్లా మెరుస్తుంది. ఇళ్లలో ఆడవాళ్లు వాటికి జరీ కుట్టి, చమ్కీలు అంటించి ముస్తాబు చేసేవాళ్లు. నన్నడిగితే ఆ పటంలో ఎక్కువ విలువైంది మీ నాయనమ్మగారి కుట్టుపనే. దాన్ని పీకి శుభ్రం చేయించకండి. వెనక ఉన్న పాత అట్ట మాత్రం మార్పించండి, దానిలోని ఆమ్లం కాగితాన్ని గోధుమ రంగుకి తిప్పేస్తుంది. నూనె రంగుల రవివర్మని చూడాలనుంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడొచ్చు.

డాలస్ మాటకొస్తే, పురావస్తువులూ కళాసంపదా దేశం దాటకుండా చూసే 1972 చట్టం కింద రవివర్మ చిత్రాలని 1979లో జాతీయ కళాసంపదగా ప్రకటించారు. ఒరిజినల్ అయితే దేశం దాటనివ్వరు. అచ్చుపటమే అయినా, వంద ఏళ్లు దాటిన కళావస్తువులకి అదే చట్టం అడ్డొస్తుంది. పురావస్తు శాఖని అడగకుండా అబ్బాయి సూట్‌కేసులో పెట్టించకండి.

ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి చిత్రం కొన్నాను. నవ్వు లేని ముఖం ఇంట్లో ఉండకూడదని మా అత్తగారి గొడవ. – విద్యాధరపురం నుంచి

వాస్తు నాకు రాదు, అత్తగారి జోలికి అసలు రాను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1937లో దక్షిణాది మనుషులని నూనె రంగుల్లో వేసింది, ఒక్కరూ నవ్వరు. ఢిల్లీలో జాతీయ గ్యాలరీలో జనం టికెట్ కొని మరీ చూస్తున్నారు. ప్రస్తుతానికి మీ గదిలో పెట్టుకోండి.

కొత్త ఆయిల్ పెయింటింగ్‌కి గాజు పెట్టించాలా? వానాకాలంలో వెనక తెల్లగా బూజు పట్టింది. – తాడేపల్లి నుంచి ఒక లెక్చరర్

గాజు వద్దు. అవిసె నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. తాకితే అంటకపోవడానికి ఒక వారం చాలొచ్చు, లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వార్నిష్ కూడా ఆరు నెలల నుంచి ఏడాది ఆగాక వేయించాలి. ఇల్లు మారేటప్పుడు బబుల్ ర్యాప్ రంగుకి తగిలేలా చుట్టకండి, బుడగలు అచ్చు పడతాయి.

బూజు మీ గోడది. వాన కొట్టే బయటి గోడకి వేలాడదీసి ఉంటారు. లోపలి గోడకి మార్చి, ఫ్రేము కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు అంటించండి, వెనక గాలి ఆడుతుంది. రోహిణి కార్తెలో పడమటి ఎండ తగిలే చోటు వద్దు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. అలాగని బీరువాలో దాచకండి, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. తాలింపు పొగకీ అగరొత్తులకీ దూరం. దుమ్ము పడితే మెత్తని పొడి బ్రష్ చాలు. బంగాళాదుంప ముక్కతో రుద్దితే మెరుస్తుందని ఎవరో చెబుతారు, వినకండి.

నేను కొన్న పెళ్లికూతురి చిత్రాన్ని మా అమ్మాయి శుభలేఖ మీద అచ్చు వేయించుకోవచ్చా? – అరండల్‌పేట, గుంటూరు

డబ్బిచ్చి కొన్నారు గనక బొమ్మ మీది. అచ్చు వేసే హక్కు మాత్రం చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన పోయాక అరవై ఏళ్లు వారసులకి కూడా. రాసిస్తే తప్ప మీకు రాదు. మీ అమ్మాయినే కూర్చోబెట్టి, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రమైతే లెక్క వేరు. వేరే ఒప్పందం లేకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు మీదే. మీది బజార్లో కొన్నది కాబట్టి ఆయనకి ఫోన్ చేసి అడగండి. శుభలేఖ కోసం అంటే చాలామంది కాదనరు. వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకుని, కార్డు మీద కింద చిన్నక్షరాల్లో పేరు వేయండి, భోజనానికీ పిలవండి.