ఇంట్లోనే కొంచెం పోస్తే పిల్లాడు బయట తాగడా?

అబ్బాయికి పదహారేళ్లు, దోస్తులతో చాటుగా తాగుతాడేమోనని భయం, అందుకని పండగపూట మన ముందే ఒక గ్లాసు బీరు పోస్తే మోజు తీరుతుందని మీ ఆయన అంటున్నారని అడిగారు. పోయొద్దక్కా.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. అయినా దొరకనిదేముంది! పల్లెల్లో ఇప్పసారా, నది దాటితే తెలంగాణ దుకాణాలు. వంతెన రాకముందు పడవలే దిక్కు. పెద్దోళ్లు తాము పోతే పోలీసులు తడుముతారని మా వీధి పిల్లల్ని పంపేవాళ్లు. నేనూ పోయేవాణ్ని. లెక్కల నోట్‌బుక్కుకూ టిఫిన్ డబ్బాకూ మధ్య క్వార్టర్ సీసా, చప్పుడు కాకుండా దానికి చుట్టిన తువాల. మిగిలిన చిల్లర ఉంచుకొమ్మనేవాడు నాయిన. నాకు ఏనాడూ ఒక్క చుక్క పోయలేదాయన. "నువ్వు మాత్రం ముట్టొద్దురా" అని చెప్పేవాడు కూడా. కానీ సీసా తెచ్చిన రోజు ఇంట్లో నాకు దొరికే మర్యాద వేరు. ఆ మర్యాద ముందు ఈ మాట ఎక్కడ ఆనుతుంది? నాతో సంచులు మోసిన వాళ్లలో చాలామంది పదో తరగతి దాటకముందే మూత తీశారు.

ఇక మీ ఆయన వాదన. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లల్ని పన్నెండు, పదమూడేళ్ల వయసు నుంచి ఆరేళ్లపాటు గమనించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. అమ్మానాన్నలు పోసినందువల్ల పిల్లలకు రక్ష ఏమీ దొరకలేదు. పైగా అలాంటి పిల్లలు బయట కూడా సంపాదించుకుని తాగడం ఎక్కువైంది. చట్టం సంగతీ చూడండి: మహారాష్ట్రలో బీరుకు 21 ఏళ్లు నిండాలి, విస్కీ, బ్రాందీలకైతే 25.

గోండు గూడేల్లో ఇప్పసారా ముందు దేవుడికి పోస్తారు, వాళ్లకు లేని తప్పు మనకెందుకని మా దగ్గర కొందరంటారు. ఆ పూజకూ మీ ఇంటి ఫ్రిజ్‌లో బీరుకూ ఏం చుట్టరికం?

మీ ఆయన తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగితే మాత్రం సోడాకూ మిక్చర్ పొట్లానికీ అబ్బాయిని పంపొద్దు. కాలేజీ రోజుల్లో తాగి పడిపోయిన కథలు వాడి ముందు నవ్వుతూ చెప్పుకోవద్దు. వాడు ఎప్పుడైనా వాసనతో వస్తే "నాన్నకు చెప్పనులే" అని మీరు వెనకేసుకు రావద్దు. ఒకరు తిట్టి ఒకరు దాచే ఇళ్లలో పిల్లలకు ఆ సందే చాలు.

మా వాడికి ఒకటే చెప్పాను: తాగడానికి ఒప్పుకోను, కానీ తాగినోడి బండి ఎక్కాల్సి వస్తే ఏ రాత్రయినా ఫోన్ చెయ్, వచ్చి తీసుకుపోతా, అప్పుడు మాత్రం తిట్టను. పన్నెండో తరగతిలో ఒక పెళ్లి బారాత్ నుంచి చేశాడు. వాడి నోరూ వాసనొస్తోంది. దారిలో ఏమీ అనలేదు. పొద్దున్నే వాళ్లమ్మా నేనూ కూర్చోబెట్టి గట్టిగానే మాట్లాడాం, బండి తాళంచెవి కొన్నాళ్లు తీసేసుకున్నాం. అలిగాడు. అయినా తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి దోస్తును ఇంట్లో దింపాలి రమ్మని.