నాన్నగారి షేర్లు, బాబాయి పెత్తనం

ప్రశ్న: మా నాన్నగారు, బాబాయి కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా ఒక రైస్ మిల్లు పెట్టారు. అందులో నాన్నగారికి 40 శాతం షేర్లు ఉండేవి. రెండేళ్ల క్రితం ఆయన పోయాక వాటిని అమ్మ పేరిట మార్చమని ఎన్నిసార్లు నోటిమాటగా అడిగినా బాబాయి దాటవేశారు. ఈలోగా తన కొడుకు పేరిట కొత్త షేర్లు జారీ చేయడంతో మా వాటా 8 శాతానికి దిగిపోయింది. మిల్లు స్థలంలో భాగం కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: స్థలం పంపకానికి దావా వేయకండి. ఆ స్థలం మీ నాన్నగారిదీ కాదు, బాబాయిదీ కాదు, కంపెనీది. షేర్లున్నంత మాత్రాన కంపెనీ ఆస్తికి యజమానులు కారని బచ్చా గుజ్దర్ కేసులో సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. మీకు సంక్రమించినవి షేర్లు, వాటి వెంట వచ్చే హక్కులు. అవి చిన్నవేమీ కావు.

ముందు నోటిమాట మాని, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు జతచేసి, షేర్లను అమ్మగారి పేరిట నమోదు చేయమని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. కంపెనీ నిరాకరిస్తే ఆ నోటీసు అందిన 30 రోజుల్లోగా, ఏ జవాబూ రాకపోతే మీ లేఖ అందిన 60 రోజుల్లోగా కంపెనీ వివాదాలను విచారించే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. అందుకే పోస్టు రసీదు భద్రంగా ఉంచుకోండి.

అసలు అన్యాయం కొత్త షేర్లలో ఉంది. 40 శాతం 8 శాతమైందంటే కంపెనీ మూలధనం 5 రెట్లయిందన్నమాట. మిల్లుకు అంత డబ్బు ఎందుకు కావలసివచ్చింది, అది నిజంగా కంపెనీ ఖాతాలో పడిందా అన్నది మీరు గట్టిగా అడగవలసిన మాట. 2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం కొత్త షేర్లను ముందుగా ఉన్న సభ్యులకే వారి వాటా మేరకు ఇవ్వజూపాలి; అలా కాకుండా వేరొకరికి ఇవ్వాలంటే సభ్యుల సమావేశంలో, పోలైన ఓట్లలో కనీసం ముప్పావు వంతుతో నెగ్గిన ప్రత్యేక తీర్మానం ఉండాలి. ఆర్టికల్స్ (కంపెనీ సొంత నియమావళి) వేరుగా చెప్పకపోతే, ఆ సమావేశపు నోటీసు చనిపోయిన సభ్యుని వారసులకూ అందాలి. మేనేజింగ్ డైరెక్టర్ తనకు తానే షేర్లు కేటాయించుకుని ఆధిపత్యం చేజిక్కించుకున్న డేల్ అండ్ కారింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును నిలవనివ్వలేదు. డైరెక్టర్ చేతిలోని అధికారం కంపెనీ మేలు కోసం అప్పగించినదే తప్ప సొంత పట్టు పెంచుకోవడానికి కాదు. కేటాయింపు వివరాలు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయల రుసుముతో చూడవచ్చు.

వాటాదారుల అణచివేతపై అదే చట్టం 241వ సెక్షన్ కింద ఫిర్యాదుకు 10 శాతం వాటా ఉండాలని మిమ్మల్ని ఎవరైనా నిరుత్సాహపరచవచ్చు. కానీ మొత్తం సభ్యుల సంఖ్యలో పదో వంతు ఉన్నా చాలని చట్టం చెబుతోంది. మీవంటి నలుగురైదుగురి కంపెనీలో ఒక్క సభ్యుడే అంతకు మించుతాడు. చనిపోయిన సభ్యుని వారసులు, పేరు రిజిస్టరులో ఎక్కకపోయినా, ఫిర్యాదు చేయవచ్చని వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

మీరు వెళ్లవలసింది ట్రిబ్యునల్ అమరావతి బెంచ్‌కు. కేటాయింపు రద్దు చేయమని, లేదా న్యాయమైన విలువకు మీ షేర్లను బాబాయివాళ్లే కొనేలా ఆదేశించమని కోరవచ్చు. అయితే పిటిషన్‌తో పాటే, విచారణ ముగిసేదాకా కొత్త షేర్లు జారీ చేయకుండా, మిల్లు స్థలం అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడగడం మరిచిపోకండి.