డిటెక్టర్ కూతకు దొంగ ఎవరు?

ప్రశ్న: మెటల్ డిటెక్టర్‌తో తిరగడం నా సరదా. కుక్కను తోడు తీసుకెళ్తే పరికరం ఊరికే కూస్తోంది. పైగా నేను తవ్వేచోట అదీ తవ్వేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు దాని మెడ చూడండి. మొదట్లో నేనూ ఒక పూటంతా ఖాళీ గుంతలు తవ్వాను. దొంగ మా కుక్క మెడపట్టీ! ఇనుప బకిల్, పేరుబిళ్ళ, గొలుసు ఏది కాయిల్ (డిటెక్టర్ అడుగున లోహాన్ని పసిగట్టే భాగం) దగ్గరికి వచ్చినా దానికి మట్టిలోదీ బయటిదీ ఒకటే, కూసేస్తుంది. ప్లాస్టిక్ బకిల్ ఉన్న నైలాన్ పట్టీ వేసి, ఫోన్ నంబరు దాని మీదే కుట్టించండి. మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కుక్కకు ఆ కూతల టెన్షన్ తప్పుతుంది.

తవ్వకం మాన్పించడం మాత్రం నా వల్ల కాలేదు. అందుకే పార తీయగానే పొడవాటి తాడుతో దూరంగా కట్టేస్తాను. తుప్పు రేకుముక్క పైకి లేచి ఒకసారి మావాడి పంజా తెగింది. గుంత పూడ్చాకే విప్పండి.