పిన్నిగారూ... సంచి పట్టుకెళ్లాలంటే మొహమాటం!

పోయినసారి పాత చీరల గురించి రాస్తూ చివర్లో 'ఒకటి చింపి కూరల సంచి కుట్టుకోండి' అన్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే. ఎలా కుట్టాలని అడిగినవాళ్లు ఇద్దరే. మిగతా అందరిదీ ఒకటే గోల: సంచి ఉంది, కానీ ఇంట్లోంచి బయటికి రావడం లేదు. తెనాలిలో ముప్పై రెండేళ్లు లేడీస్ టైలరింగ్ షాపు నడిపినదాన్ని, కుట్టు గురించి అడిగితే తడుముకోను. ఈ రెండో గోల మాత్రం నేనూ చాలా ఏళ్లు పడ్డాను.

పిన్నిగారూ, మాది హైదరాబాద్‌లో నిజాంపేట. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా అత్తగారు రెండు గుడ్డ సంచులు కుట్టిచ్చారు. కింద కూరగాయల బండి దగ్గరికి అవే తీసుకెళ్తాను. ఏసీ సూపర్‌మార్కెట్‌కి అంటే మాత్రం ఎందుకో సిగ్గు. ఒకసారి తీసుకెళితే గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపి సంచి విప్పి చూశాడు. వెనకాలే మా అపార్ట్‌మెంట్ వాళ్లున్నారు. ఇక అంతే, మళ్లీ తీసుకెళ్లలేదు. చిన్న విషయమే అని తెలుసు, అయినా...

చిన్న విషయం అనుకుంటూ ఇంత ఉత్తరం రాశావంటే చిన్నది కాదమ్మా. నా సంగతి చెప్తాను విను. మా పెద్దమ్మాయి విజయవాడలో కాపురం పెట్టిన కొత్తలో నన్నో పెద్ద షాపుకి తీసుకెళ్లింది. నా చేతిలో ఖాకీ సంచి, మా ఆయన పాత ప్యాంటుతో నేనే కుట్టింది. గుమ్మంలోనే అది తీసుకుని అరలో పడేసి, నా చేతిలో నంబరు బిళ్ల పెట్టారు. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. 'ఇలాంటి చోటికి సంచి ఏంటమ్మా' అంది మెల్లగా. వచ్చేటప్పుడు సరుకులు మూడు కవర్లలో, నా సంచి ఖాళీగా చంకలో. నేను కుట్టిన వస్తువుని చూసి నేను సిగ్గుపడింది ఆ ఒక్కరోజే.

ఎందుకంత సిగ్గేసిందా అని తర్వాత ఆలోచించాను. నా చిన్నప్పుడు కవరు అంటే ఉత్తరం పెట్టుకునేదే. బజారుకి సంచి లేకుండా బయల్దేరితే 'షికారుకా?' అని అడిగేవాళ్లు. తర్వాత షాపు పేరు అచ్చేసిన ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. చీరల షాపు కవరు చేతిలో ఉంటే వీధంతా చూసేది. వాటిని పరుపు కింద పెట్టి, ముడతలు పోయాక ఊళ్లకి బట్టలు సర్దుకోవడానికి దాచేవాళ్లం. అలా కవరు దర్జా అయింది. సంచి రేషన్ షాపు క్యూలో మిగిలిపోయింది. గేటు దగ్గర నీకు తగిలింది ఆ పాత లెక్కేనమ్మా. నీ తప్పేమీ లేదు.

ఇక చేయాల్సింది. సంచి చేత్తో ఊపుకుంటూ లోపలికి వెళ్లకు. నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో. గేటు దగ్గర అతను అడగకముందే నువ్వే చూపించు, 'ఖాళీ సంచి బాబూ' అని. అడిగించుకుని చూపిస్తే తనిఖీలా ఉంటుంది, ముందే చూపిస్తే మామూలు మాటలా ఉంటుంది. ట్యాగు వేస్తానంటే వేయనీ, అతని ఉద్యోగం అది.

అసలు కిటుకు బిల్లు దగ్గరుంది. మొదటి వస్తువు స్కాన్ చేయకముందే సంచి తీసి బల్ల మీద పెట్టు. 'కవరు వద్దండీ, సంచి ఉంది' అని అప్పుడే అనెయ్. సరుకులన్నీ అయిపోయి, అతను క్యారీ బ్యాగ్ విదిలించాక చెప్పావనుకో, అతను విసుక్కుంటాడు, వెనకవాళ్లు చూస్తారు, నీకు మళ్లీ టెన్షన్. కూరగాయల దగ్గరైతే ఇంకా తొందరపడాలి. మనం 'పావు కిలో' అనేలోపే వాళ్లు వేలు తడి చేసుకుని కవరు లాగేస్తారు. ఓ ఆదివారం ఇంటికొచ్చి లెక్కపెట్టాను. పచ్చిమిర్చికొకటి, అల్లానికొకటి, కరివేపాకుకొకటి, మొత్తం పదకొండు కవర్లు. అందుకే ఇప్పుడు ధర అడిగేటప్పుడే సంచి నోరు తెరిచి ముందుకు చాపుతాను. మొదట్లో మా కూరలమ్మాయి వింతగా చూసేది. ఇప్పుడు నన్ను చూడగానే తక్కెడ పళ్లెం నా వైపు వంచుతుంది.

మీ అపార్ట్‌మెంట్ వాళ్ల సంగతంటావా, వాళ్లు చూసింది నీ సంచిని కాదమ్మా, క్యూ ఎప్పుడు కదులుతుందా అని.

నమస్కారమండీ. కాకినాడ నుంచి రాస్తున్నాను. నాకు సిగ్గూ లేదు, అభ్యంతరమూ లేదు. మతిమరుపే. షాపు ముందు బండి ఆపాకే సంచి గుర్తొస్తుంది. స్కూటర్ డిక్కీలో పెట్టుకోమంటారు, పెట్టాను కూడా. అయినా అవసరానికి ఉండదు.

డిక్కీలో పెట్టారు సరే, అక్కడ్నుంచి ఎటు పోయిందో చూశారా? కూరలతో వంటింట్లోకి వెళ్లింది. మీ ఆవిడ కూరలు తీసి, సంచి గ్యాస్ బండ పక్కన పడేసింది. మీ డిక్కీ ఖాళీ. మతిమరుపు వెళ్లేటప్పుడు కాదండీ, వచ్చాక. మా ఇంట్లో బండి తాళంచెవి తగిలించే మేకుకే సంచి కూడా తగిలిస్తాం. సరుకులు సర్దిన చెయ్యే సంచిని అక్కడ పెట్టాలి. వాకిట్లోకొచ్చి తాళం తీస్తే సంచి చేతికి తగులుతుంది.

అయినా మర్చిపోయారా, కొత్తిమీర కట్టా రెండు నిమ్మకాయలూ అయితే చేత్తోనే తెచ్చుకోండి. పెద్ద సరుకైతే ఒక్కసారి వెనక్కి వెళ్లి సంచి తెచ్చుకోండి. మే నెల ఎండలో నేనొకసారి అలా వెనక్కి నడిచాను. మళ్లీ మర్చిపోలేదు.

కూరలకి సరే పిన్నిగారూ. చికెన్, చేపలు ఎలా? గుడ్డ సంచి వాసన పట్టేస్తుంది. - భీమవరం

భీమవరం వాళ్లు చేపల గురించి నన్నడగడమా! గుడ్డ సంచిలో అసలు వద్దు. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్లండి, కిలోకి మూడు లీటర్లది హాయిగా సరిపోతుంది. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి, సున్నా నొక్కించి, అప్పుడు తూయించండి. లేకపోతే డబ్బా బరువుకీ చేప ధరే పడుతుంది. డబ్బాని ఓ సంచిలో పెట్టుకోండి, ఆ సంచిలో కూరలు వేయకండి. నేను దానికి ఎర్ర పట్టీలు కుట్టాను, ఇంట్లో ఎవరూ పొరపడకుండా. మామూలు సంచుల్నీ వారానికోసారి ఉతకాలి. ఉల్లిపాయ పొట్టూ మట్టీ మూలల్లో చేరతాయి, తిరగేసి దులిపాకే నానబెట్టండి.

మేడమ్, నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. డెన్మార్క్ వాళ్ల అధ్యయనం ప్రకారం కాటన్ సంచిని 7,100 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్ కవరుకి సమానం కాదట. మరి మీరు చెప్పేది పర్యావరణానికి నష్టమే కదా?

బాబూ, నీ ఉత్తరం వచ్చాక మా మనవడి చేత ఆ సంగతంతా చదివించుకున్నాను. అంకె నిజమే. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క అది. రోజూ ఒకసారి వాడినా పందొమ్మిదేళ్లు దాటుతుంది. కానీ నువ్వు సగమే చదివినట్టున్నావు. రకరకాల కాలుష్యాలని విడివిడిగా లెక్కగట్టి, అన్నిటికన్నా పెద్దగా వచ్చిన అంకె 7,100. వాతావరణం వేడెక్కడం ఒక్కటే చూస్తే అదే కాటన్ సంచికి 52 సార్లు చాలు. వారానికోసారి బజారుకెళితే ఏడాది. ఇంకోటి, కవరు చెత్తగా మారి ఎక్కడపడితే అక్కడ పడితే కలిగే నష్టం ఆ లెక్కలో లేదు. అక్కడ చెత్తంతా పద్ధతిగా పోతుంది కాబట్టి వాళ్లకి ఆ గొడవ లేదు. మన వీధి చివర కాలువలో ఏముందో, చెత్తకుండీ దగ్గర ఆవు ఏం నములుతోందో నీకూ తెలుసు. బంగ్లాదేశ్ 2002లో పల్చని కవర్లని నిషేధించింది కాలువలు పూడి వరదనీరు కదలకనే. అలా నిషేధించిన మొదటి దేశం అదే.

అయినా ఆ లెక్కలో నాకు నచ్చిన మాట ఒకటుంది. కొత్త పత్తి పండించి, నేసి, రంగేసి సంచి చేస్తే చాలా నీళ్లూ ఎరువులూ ఖర్చవుతాయి. అందుకే 'పర్యావరణ హితం' అని బొమ్మేసిన కొత్త సంచులు నెలకొకటి కొనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చిరిగిన దుప్పటికి, రంగు వెలిసిన కర్టెన్‌కి ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. వాటితో కుట్టుకో.

నీకు పనికొచ్చే కబురు ఒకటి. ఇప్పుడు మనం వాడే చేతుల కవరు రూపం 1960లలో స్వీడన్ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ తులీన్ చేసింది. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టక్కర్లేకుండా, మళ్లీ మళ్లీ వాడుకునేలా చేశాడని ఆయన కొడుకు తర్వాత చెప్పాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఓ కవరు మడిచి ఉండేదట. దాన్ని ఒక్కసారికే పారేయడం మనం నేర్చుకున్న విద్య. కాబట్టి ఇంట్లో ఉన్న కవర్లని ఆవేశంగా బయట పారేయకు, చిరిగేదాకా వాడు.

మా ఇంట్లో పెళ్లిళ్లలో ఇచ్చిన గుడ్డ సంచులు ముప్పై దాకా ఉన్నాయి. రెండుసార్లు పట్టుకెళితే పొడిపొడిగా రాలిపోతున్నాయి. గుడ్డ ఇలా రాలుతుందా? - అనంతపురం

రాలదు. అది గుడ్డ కాదు కాబట్టి రాలుతోంది. అంచు దగ్గర ఓ దారం లాగి చూడండి, రాదు. పడుగూ లేదు, పేకా లేదు, నేయనేలేదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచుని వేడి చేసి అతికించిన పరుపది. నాన్-వోవెన్ అంటారు. చదరపు మీటరుకి 60 గ్రాములకన్నా తక్కువ బరువుండే రకాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచే నిషేధించారు. తాంబూలంలో మాత్రం ఇంకా వస్తూనే ఉంది. ఎండ తగలని చోట పెట్టి, తేలిక సామానుకి ఉన్నన్నాళ్లు వాడండి. మీ ఇంట్లో పెళ్లయితే మాత్రం సంచి చేతిలోకి తీసుకుని దారం లాగి చూశాకే ఆర్డరివ్వండి.

క్యారీ బ్యాగుకి వేరే డబ్బులు తీసుకోవచ్చా? - నిజామాబాద్

ముందే చెప్పకుండా, సామాను కొన్నాక బిల్లులో కలపడం తప్పుడు వ్యాపారమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో చెప్పింది. కాబట్టి బిల్లు చూసుకోండి, అడగండి. 'మాది మందం కవరండీ' అంటే ఏమిటని కూడా రాశారు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లయినా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలన్నది 2022 డిసెంబరు 31 నుంచి రూలు. అరచేతిలో నలిపితే కాగితంలా గరగరలాడే పల్చటి కవరు దానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

పిన్నిగారూ, నేను మారాను. మా ఆయన మారడం లేదు. 'పూల సంచి పట్టుకుని నేను బజారుకెళ్లాలా' అంటారు. రోజూ పాలకీ పెరుగుకీ వెళ్లేది ఆయనే. ఏం చేయను? - ఒంగోలు

ఆయన్ని అని లాభం లేదమ్మా, పూలు మీరు కుట్టారు. మగవాళ్లకి కుట్టే సంచి వేరు. పాత జీన్స్ గానీ ఖాకీ గానీ తీసుకుని, తొడ దగ్గర గుడ్డ మంచిది కాబట్టి అక్కడ పద్నాలుగు అంగుళాల వెడల్పు, పదహారు పొడవు కత్తిరించండి. కాలి గుడ్డ చాలకపోతే రెండోది అతకండి. వెనక జేబు ఊడదీసి బయటివైపు కుట్టండి, కళ్లజోడూ చిల్లరా పెట్టుకుంటారు. ఆ జేబు కోసమైనా సంచి పట్టుకెళ్తారు, మా ఆయన దగ్గర కనిపెట్టిన సంగతిది. పట్టీ ఇరవై రెండు అంగుళాలకి మించొద్దు. చేత్తో పట్టుకుంటే నేలకి రాసుకోకూడదు, భుజానికి తగిలించుకుంటే చంకలో ఇరుక్కోకూడదు. పట్టీ కొస సంచి మీద రెండు అంగుళాలు దిగి ఉండాలి. అక్కడ చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వేయండి. ఐదు కిలోల బియ్యం మోసినా కదలదు.

మీ ఆయన ప్యాంట్లలో జిప్పు పాడైనది ఒకటి ఉండే ఉంటుంది. అడక్కుండా తీసుకోకండి, ఈ ఒక్క విషయంలో మగవాళ్లు చాలా పట్టుదలగా ఉంటారు.